నా పెళ్ళిలో పాడనివ్వని పద్నాలుగు పాటలు

జనవరి 20

ఈ నోటుపుస్తకం తెలుగులో రాస్తున్నాను. కారణం భాషాభిమానం కాదు, భద్రత. ఇంట్లో అందరం తెలుగే మాట్లాడతాం గానీ చదవడం నాకొక్కడికే వచ్చు. ఉద్యోగం కొత్తలో హోసూరు పక్క బడిలో ఫిజిక్స్ చెప్పేటప్పుడు తోటి మాస్టరు దగ్గర నేర్చుకున్నాను. మా ఆవిడ ధనలక్ష్మికీ, కూతురు మోహనప్రియకూ ఈ అక్షరాలు జిలేబీ చుట్లు. తమిళనాడులోని ఈ ధర్మపురిలో నా అభిప్రాయాలకు ఇంతకంటే గట్టి తాళం దొరకదు.

విషయానికి వస్తాను. అమ్మ పన్నెండు రోజుల కింద పడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి కడ్డీ వేశారు, నిన్న ఇంటికి తెచ్చాం. డాక్టరు సూటిగా చెప్పాడు. ఎముక సంగతి తాను చూసుకున్నాడు, మిగతాది ఆమె కాళ్ళలో ఉంది. మార్చి పదిన మళ్ళీ చూపించాలి. ఆ లోపల వాకర్ పట్టుకుని నడవడం మొదలుపెట్టకపోతే కండ కరిగిపోతుంది, ఇక మంచమే. డెబ్బై ఆరేళ్ళ మనిషికి మంచం అంటే ఏమిటో ఆయన చెప్పలేదు. నేను అడగలేదు.

ఎందుకు పడింది? నేల తడిగా ఉండింది. వయసు కూడా.

జనవరి 21

నేల తడిగా లేదని ధనలక్ష్మి అంటోంది. ఆ పూట ఇల్లు తుడవనే లేదట. పోస్టాఫీసులో పనిచేసేవాళ్ళకు తేదీలన్నీ గుర్తుంటాయి, అదొక జబ్బు.

జనవరి 23

మోహనప్రియ బి.ఎస్సీ. సైకాలజీ చివరి సెమిస్టరు. ప్రాజెక్టు చేయాలి. విషయం ఏమిటని అడిగాను. "ఆరోగ్య సేవలో సంగీతం పాత్ర" అంది, అన్నంలో రసం పోసుకుంటూ, వంకాయల ధర చెప్పినట్టు.

నా ఇంట్లో! సేలం రోడ్డు కల్యాణ మండపంలో ఒక పట్టుపంచె పెద్దమనిషి ఫలానా రాగానికి షుగరు దిగుతుంది, ఫలానా రాగానికి బీపీ దిగుతుంది అని టికెట్టు పెట్టి చెప్పినందుకు, మొన్న డిసెంబరులోనే పదహారు పేజీల కరపత్రం రాసి అచ్చు వేయించిన మనిషి ఇంట్లో! ఐదు వందల ప్రతులు. ప్రజలు ఇంకా సిద్ధంగా లేరు కాబట్టి చాలావరకు ఇంట్లోనే ఉన్నాయి.

నలభై నిమిషాలు మాట్లాడాను. గ్రీకుల దగ్గర మొదలుపెట్టి మందుల కంపెనీల దాకా వచ్చాను. ఆ పిల్ల రసం ముగించి, మజ్జిగ ముగించి, కంచం కడుక్కుని వచ్చి, "నైనా, ఆ పట్టుపంచెవాడు వేరే, ఇది వేరే. మేము జబ్బు పోతుందని చెప్పం. తాళం వింటా నడిస్తే అడుగు కుదురుతుందా లేదా అని కొలుస్తాం. అంతే" అంది. ఎవరి మీద కొలుస్తారని అడిగాను.

"అవ్వ మీద" అంది.

జనవరి 24

అమ్మను 'కేసు' అని రాయడం మీద నా అభ్యంతరాన్ని లిఖితపూర్వకంగా ఫ్రిజ్ మీద అంటించాను. తమిళంలో. మధ్యాహ్నానికి దాని మీద పాలవాడి ఫోన్ నంబరు రాసి ఉంది.

జనవరి 28

ఫిజియోథెరపీకి సెల్వం అనే అబ్బాయి వస్తున్నాడు. మంచివాడు, ఓర్పు ఉన్నవాడు. తమిళంలో ఒకటీ రెండూ మూడూ అని లెక్కపెడతాడు, మూడుకు అమ్మ లేవాలి. అమ్మ మూడు దాకా మర్యాదగా విని, ఆ తర్వాత ఏమిటని అడుగుతుంది. ఈ రోజు అతను నడుం కింద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు. నిలబడమంటే మాత్రం మంచం పట్టె పట్టుకుని బిగుసుకుపోయింది. భయమని ఒప్పుకోదు.

నేను వెళ్ళి ఎముక అతుక్కునే శాస్త్రం బోర్డు మీద గీసినట్టు వివరించాను. అంతా విని, "కాలు నాదిరా. పెట్టేదా వద్దా నేను చెప్తాను" అంది.

కరపత్రాల కట్టలు వసారాలోంచి తీసి నా మంచం కింద పెట్టాను. దుమ్ము పడుతోందని.

ఫిబ్రవరి 1

మోహనప్రియ కాలేజీకి వెళ్ళాను. తండ్రిగా కాదు, పౌరుడిగా. ఆమె ప్రాజెక్టుకు గైడు ఉషా మేడమ్. ముప్పై ఐదేళ్ళు ఉంటాయి, నెమ్మదైన మనిషి. నెమ్మదైన మనుషులతో వాదించడం నాకు చిన్నప్పటి నుంచీ కష్టం. నియంత్రణ బృందం ఏదని అడిగాను. ఒక మనిషి మీద చేసే ప్రయోగంలో ఆ మనిషే తనకు పోలిక, పాట ఉన్న రోజు, పాట లేని రోజు, రెండూ కొలుస్తాం అంది. కొలిచేవాళ్ళు ప్రేమగా కొలిస్తే? అన్నాను. నిజమే సార్, అందుకే మీలాంటి నమ్మనివాళ్ళెవరైనా కూర్చుని అడుగులు లెక్కపెడితే మంచిది అంది.

ఒప్పుకోలేదు. ఆలోచిస్తానని చెప్పి వచ్చాను. వస్తూ గీతల నోటుపుస్తకం, రెండు రంగుల పెన్నులు కొన్నాను.

ఫిబ్రవరి 4

మొదటి ప్రయోగం. వేణువు. శాంతంగా ఉండే రికార్డింగు. అమ్మ రెండు నిమిషాల్లో నిద్రపోయింది. అడుగులు: సున్న. ఎర్ర పెన్నుతో రాశాను.

ఫిబ్రవరి 7

రెండో ప్రయోగం. ఫోన్లో టక్కు టక్కుమని కొట్టే తాళం. దానికి తగ్గట్టు కాలు కదపాలి. పక్షవాతం వచ్చినవాళ్ళకు, వణుకుజబ్బు ఉన్నవాళ్ళకు ఇది పనిచేసినట్టు మోహనప్రియ పెద్ద పెద్ద పత్రాలు చూపించింది. రెండు చదివాను. తప్పులు దొరకలేదు. ఇంకా వెతుకుతాను.

అమ్మ ఐదు నిమిషాలు విని, ఆ గడియారం చెడిపోయింది, ఎవరికైనా రిపేరుకు ఇవ్వమంది. సున్న.

ఫిబ్రవరి 9

సున్న. ధనలక్ష్మి వంట చేస్తూ, వసారాలోని కట్టలు ఏమైనాయని అడిగింది. ఏ కట్టలని అడిగాను. ఆమె తిరగమోత పెట్టడంలో పడింది.

ఫిబ్రవరి 12

ఇక శాస్త్రానికి నేనే సాయం చేయాల్సి వచ్చింది. మెత్తని సంగీతం పనికిరాదు, శ్రమజీవుల సంగీతం కావాలి అని, మా ఉపాధ్యాయ సంఘం ఊరేగింపులో రికార్డు చేసిన డప్పు తెచ్చి పెద్దగా పెట్టాను. అమ్మ కళ్ళు తెరిచింది. చెయ్యి ఎత్తింది. నాకు గెలుపు కనిపించింది.

"ఎవురు సచ్చినారు?" అంది.

డప్పు చావుకు మాత్రమే అనుకోవడం మన సమాజం ఒక కళకు చేసిన అన్యాయమని చెప్పాను. అదంతా సరేగాని సచ్చిందెవురో చెప్పమంది. ఎవరూ చావలేదన్నాను. అయితే ఎందుకు కొట్టిస్తాండావని అడిగింది. సున్న. మోహనప్రియ బయటికి వెళ్ళి నవ్వి వచ్చింది. పరిశోధకురాలికి అది తగదు.

ఫిబ్రవరి 14

వీపు కింద ఎర్రటి మచ్చ ఒకటి కనిపించిందని ధనలక్ష్మి చెప్పింది. పక్కకు తిప్పి పడుకోబెడుతున్నాం.

ఫిబ్రవరి 16

ఈ రోజు జరిగింది ఉన్నదున్నట్టు రాస్తాను, తర్వాత ఎవరైనా వక్రీకరించవచ్చు కాబట్టి.

సాయంత్రం మోహనప్రియ అమ్మ పక్కన కూర్చుని, కాలు తెలిసిన పాటకే కదులుతుందంట, నువ్వు ముందు పెళ్ళిళ్ళలో పాడేదానివి కదా, ఆ పాటలేవి అవ్వా అని అడిగింది. నేను ఊరుకుని ఉండాల్సింది. ఊరుకోవడం నా స్వభావం కాదు.

మావాళ్ళ పెళ్ళిళ్ళలో ఒక ఆచారం ఉంది. ముహూర్తం అయ్యాక, భోజనానికి ముందు, పెళ్ళికొడుకు తరఫు ఆడవాళ్ళు ఒక పక్క, పెళ్ళికూతురు తరఫు ఆడవాళ్ళు ఇంకొక పక్క ఎదురెదురుగా నిలబడతారు. ఒకరినొకరు పాటలో తిట్టుకోవాలి. ఒక పాట పాడినవాళ్ళు పాడుతూనే మూడడుగులు ముందుకు వేస్తారు. ఎదుటివాళ్ళు బదులు పాడుతూ మూడడుగులు వేస్తారు. ఎవరికి బదులు దొరకదో వాళ్ళు ఓడినట్టు, పక్కకు తప్పుకుని దారి వదలాలి. గెలిచినవాళ్ళు ముందు బంతిలో కూర్చుంటారు. అడవి జంతువులు నీళ్ళ దగ్గర చేసే పని ఇది. అలాగే చెప్పాను. భూస్వామ్యం, బంధుత్వాల పేరుతో అవమానం, ఆడవాళ్ళ చేత ఆడవాళ్ళనే తిట్టించే కుట్ర, అన్నీ చెప్పాను. చెప్పి, పందొమ్మిది వందల తొంభై తొమ్మిదిలో మా పెళ్ళి ఎలా జరిగిందో గుర్తుచేశాను. సంఘం హాల్లో, పురోహితుడు లేడు, తాళి లేదు, మేళం లేదు. రెండు పూలదండలు, ఆరు ఉపన్యాసాలు. "ఆడవాళ్ళు పాటలకు లేస్తే ఆపించాను. ఒక్కటంటే ఒక్క పాట పాడనివ్వలేదు!" అన్నాను.

అమ్మ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. అటు చూస్తూనే మాట్లాడింది.

"పద్నాలుగు పాటలు కట్టుకోని వచ్చినాను ఆ పొద్దు. రెండు నెలలు కట్టినాను, ఆవుల కాడ, చేను కాడ. పద్నాలుగూ అట్లనే ఇంటికి తీసకపోయినాను."

మళ్ళీ, "నంజమ్మ వదిన ఎన్ని తెచ్చిండెనో. ఆయమ్మ నోరు మంచి నోరు" అంది.

నంజమ్మ అంటే మా అత్తగారు. ధనలక్ష్మి తల్లి. కంబైనల్లూరు పక్కన రాగిచేను, నాలుగు మేకలతో ఉంటుంది.

మోహనప్రియ పెన్ను ఆగిపోయింది. ఆ పిల్ల ముఖం చూసి నాకు భయం వేసింది.

ఫిబ్రవరి 17

నంజమ్మగారిని పిలిపించే ఆలోచన నాది కాదు. నేను చారిత్రక విషయం చెప్పానంతే.

ఫిబ్రవరి 20

వచ్చింది. రాగిపిండి మూట, వేరుశనక్కాయలు, మేకలను చూసుకోవడానికి ఎవరికి చెప్పి వచ్చిందో ఆ వివరం, అన్నీ తెచ్చింది. ఇరవై ఆరేళ్ళుగా ఆమె నాతో నేరుగా మాట్లాడదు. అల్లుడితో అత్త ముఖాముఖి మాట్లాడకూడదట. ఇది తప్పని నేను ఎన్నోసార్లు ఆమెకే చెప్పాను, ఆమె నాతో మాట్లాడకుండానే విన్నది. ఈ రోజు గదిలోకి వస్తూనే, "మీ ఆయన్ను ఆ కుర్చీ జరుపుకోమను, తొక్కుతాను" అని ధనలక్ష్మికి చెప్పింది. నేను పక్కనే ఉన్నాను. జరుపుకున్నాను.

ఇద్దరు వియ్యపురాళ్ళూ చాలాసేపు మేకల గురించి, మోకాళ్ళ గురించి మాట్లాడుకున్నారు. పాట మాట ఎవరూ ఎత్తలేదు. మోహనప్రియకు శిక్షణ లేని తెలివి ఉందని ఒప్పుకోవాలి. ఎవరినీ ఏమీ అడగలేదు.

ఫిబ్రవరి 21

పొద్దున పది గంటలు. సెల్వం వచ్చి ఒకటీ రెండూ మూడూ అన్నాడు. అమ్మ పట్టె వదలలేదు. నంజమ్మగారు గడప దగ్గర శనక్కాయలు ఒలుస్తోంది. ఒలుస్తూనే, తల ఎత్తకుండా, మొదలుపెట్టింది. డెబ్బై నాలుగేళ్ళ గొంతు. వీధి చివర ఇస్త్రీ బండి దాకా వినిపించి ఉంటుంది.

ఏమి చూసి పిల్లనిస్తిమొ చెప్పవే వదినా,
నీ కొడుకు నోటికి బీగమేసే దారెదే వదినా,
తాళి కట్టర నాయన అంటే తగదనె వదినా,
మా పిల్ల మెడన తాళికి మారుగ మైకు కట్టె వదినా.

ధనలక్ష్మి పోపు గరిట పట్టుకుని వంటింట్లోంచి వచ్చింది. ఇరవై ఆరేళ్ళలో ఆమె అలా నవ్వడం నేను చూడలేదు, గోడకు ఆనుకుని, కొంగు నోట్లో కుక్కుకుని. నా ఉపన్యాసం గంటన్నర సాగిందనీ, తన కాళ్ళు పీకాయనీ, దండ మెడలో వాడిపోయిందనీ చెప్పింది. ఈ సమాచారం ఇన్నేళ్ళు ఎందుకు దాచారో అర్థం కాదు.

నేను నోరు తెరిచాను. అంతలో మంచం మీంచి బదులు వచ్చింది. అమ్మ. గొంతు బొంగురుగా ఉంది, తాళం తప్పలేదు.

మైకు కట్టిన మాటకేమే మంచిదే వదినా,
నీ పిల్ల గెలికిన సంగటితోనె గోడ కడితిమి వదినా.

సెల్వానికి తెలుగు రాదు. ఇద్దరు ముసలమ్మలు కొట్లాడుకుంటున్నారని నన్ను ఆపమన్నాడు. నంజమ్మగారు శనక్కాయల చేట పక్కన పెట్టి, నిదానంగా లేచి, మూడడుగులు లోపలికి వేసి, మంచం ముందు నిలబడింది.

"పండుకోని పాడితే లెక్క లేదు వదినా" అంది. "ఓడిపోతివి."

ఓడిపోతివి అన్న మాటకు మా అమ్మ ముఖం ఎలా అయిందో రాయడానికి నా తెలుగు చాలదు.

ఫిబ్రవరి 22

నిలబడింది! వాకర్ పట్టుకుని, సెల్వం పక్కన ఉండగా, పదకొండు సెకన్లు. నంజమ్మగారి వంశంలో ఎవరో ఒకరు పెళ్ళివిందులో అప్పడాలు చీర కొంగులో కట్టుకుపోయిన ఉదంతం పాడటానికి సరిగ్గా పదకొండు సెకన్లు పట్టింది. నీలం పెన్నుతో రాశాను.

ఇది సంగీతం వల్లా, పౌరుషం వల్లా? తేల్చలేదు. మోహనప్రియ కూడా తేల్చలేదని ఒప్పుకుంది. ఉషా మేడమ్‌కు ఫోన్ చేసి అడిగితే, సార్, మంచి ప్రశ్న, మీ అమ్మాయి రిపోర్టులో పెట్టిస్తాను అంది. ఈవిడతో గొడవ పడటం అసాధ్యం.

ఫిబ్రవరి 25

మూడడుగులు.

ఫిబ్రవరి 26

మూడు, మళ్ళీ మూడు. పాటలు లేకుండా సెల్వం నడిపించబోతే సున్న. ఉషా మేడమ్ చెప్పిన పద్ధతి ప్రకారం పాట ఉన్న పూట, లేని పూట రెండూ నేనే కొలుస్తున్నాను. నమ్మనివాడి లెక్క కాబట్టి దీనికి విలువ ఎక్కువ.

పాటలన్నిట్లోనూ తిట్టు తినేది పెళ్ళికొడుకే. నా ముక్కు, నా నడక, నా జేబులో మడిచిన పేపరు, ఎడ్లు కూడా పారిపోయే నా ప్రసంగం. నంజమ్మగారు నాతో మాట్లాడని మాటలన్నీ ఇన్నేళ్ళుగా ఎక్కడ దాచిందో ఇప్పుడు తెలిసింది. అమ్మ ఒక్కటీ వదలకుండా నన్ను వెనకేసుకొస్తోంది. గుణాలు దొరకనప్పుడు ఎదుటివాళ్ళ సంగటి మీదికి పోతోంది. గుణాలు తరచుగా దొరకడం లేదని గమనించాను.

మార్చి 2

తొమ్మిది అడుగులు. గడప దాకా. వీపు మీద మచ్చ మానుతోంది.

నేనీ పాటలను సమర్థించడం లేదు. కొలుస్తున్నాను.

మార్చి 7

నంజమ్మగారు వెళ్ళిపోయింది. ఒక మేక ఈనిందట, చూసుకునేవాళ్ళు మొదటిరోజే పాలు సరిగ్గా పట్టలేదట. ఉండమని ధనలక్ష్మి బతిమాలింది, మోహనప్రియ బతిమాలింది. నేను కూడా, గోడకేసి చూస్తూ, ఎవరైనా ఇంకో మూడు రోజులుంటే బాగుంటుంది అన్నాను. ఆమె ధనలక్ష్మితో, "మీ ఆయన అడిగినాడని తెలుసు. మేక ఆగదు" అని చెప్పి బస్సెక్కింది.

మార్చి 8

సున్న.

మోహనప్రియ పాటలన్నీ ఫోన్లో రికార్డు చేసి పెట్టింది. పెట్టి వినిపించింది. ఫోన్‌కు ఎవరు బదులు చెప్తారే అని అమ్మ అటు తిరిగింది. మోహనప్రియ తానే పాడబోతే, నువ్వు నా ఇంటి పిల్లవు, నా పక్షం అంది. ధనలక్ష్మి పాడబోతే, పెళ్ళికూతురు నోరు విప్పకూడదు అంది. ఈ నియమాలు ఎక్కడ రాసి ఉన్నాయని అడిగాను. తన తలలో ఉన్నాయంది.

సాయంత్రం ధనలక్ష్మి నా మంచం కింద తుడుస్తూ చీపురుతో కట్టను ఒకసారి తట్టింది.

సరే. రాస్తాను, ఎవరూ చదవలేరు కాబట్టి. నేల తడిగా లేదు. ప్రెస్సు నుంచి కట్టలు తెచ్చి, అమ్మ గది నుంచి బాత్రూముకు పోయే దారిలో, వసారాలో పెట్టాను. ఎత్తి పక్కన పెట్టమని తల్లీకూతుళ్ళిద్దరూ అడిగారు. రేపు అన్నాను. నెల రోజులు రేపు అన్నాను. జనవరి ఎనిమిదిన పొద్దున అమ్మ కాలు ఆ కట్టకు తగిలింది. సంగీతం మనిషికి మేలు చేయదని చెప్పే నాలుగు వందల ప్రతులు.

మార్చి 9

సున్న. రేపు ఆస్పత్రి.

మార్చి 10

పొడుగాటి వరండా. ఒక చివర చక్రాల కుర్చీలో అమ్మ, పక్కన సెల్వం, మోహనప్రియ, ధనలక్ష్మి. ఆ చివర డాక్టరు గది, దాని పక్కన మందుల కిటికీ. డాక్టరు బయటికి వచ్చి, నడిచి చూపించమ్మా అన్నాడు. తమిళంలో, మంచిగానే. అమ్మ వాకర్ పట్టుకుని నిలబడింది. నిలబడే ఉంది. ఒకటీ రెండూ మూడూ అన్నాడు సెల్వం. మోహనప్రియ తన గ్రాఫులు తీసి, సార్, ఇంట్లో తొమ్మిదడుగులు నడిచింది అని చూపించింది. డాక్టరు కాగితం చూశాడు, అమ్మ కాళ్ళు చూశాడు, గడియారం చూశాడు. ఇలా అయితే మళ్ళీ పడకే, కండ ఇప్పటికే తగ్గింది అన్నాడు. మోహనప్రియ కాగితాలు మడవడం మొదలుపెట్టింది.

అమ్మ నన్ను చూస్తోంది. ఆ చూపేమిటో అర్థమైంది, అది భయం. అమ్మ కళ్ళలో దాన్ని నా జీవితంలో మొదటిసారి చూశాను.

పెళ్ళికూతురి పక్షానికి మనిషి లేడు. ఉన్నాడు. అల్లుడంటే ఆ ఇంటికి కూడా కొడుకే కదా? ఆడవాళ్ళ పాటలు ఆడవాళ్ళే పాడాలన్న నియమం శుద్ధ పితృస్వామ్యం కాదా? పది సెకన్లలో రెండు సిద్ధాంతాలూ తేల్చుకుని, వరండా ఆ చివరికి నడిచి, మందుల కిటికీ వరుసకు వీపు పెట్టి, మా అమ్మకు ఎదురుగా నిలబడ్డాను. నాకు శ్రుతి లేదు. వరుస నంజమ్మగారిదే. మాటలు నావి. పెద్దగా పాడాను, నాకు చిన్నగా మాట్లాడటం రాదు.

పుస్తకాల కట్ట తెచ్చి దారిన పెట్టె వదినా,
ఎత్తుమంటే రేపు రేపని ఏడిపించె వదినా,
కన్నతల్లి కాలు విరిచి కథలు చెప్పె వదినా,
నేల తడని, వయసు అనీ నెపము పెట్టె వదినా.

మూడడుగులు ముందుకు వేశాను.

వరండా అంతా ఆగిపోయింది. వాచ్‌మన్ వచ్చాడు. ఎవరో పోయారని, నేను చావింటి ఒప్పారి పాడి ఏడుస్తున్నానని అనుకున్నట్టుంది, ఒక ఆవిడ నీళ్ళ సీసా ఇవ్వబోయింది. ధనలక్ష్మి రెండు చేతులతో ముఖం కప్పుకుంది. మోహనప్రియ రాయడం లేదు, నోరు తెరుచుకుని చూస్తోంది.

అమ్మ గొంతు సవరించుకుంది. వాకర్ ఎత్తి ముందుకు పెట్టింది. టక్కు. పాడుతూ కాలు వేసింది.

దావలోన కట్ట ఉంటే కానకపోతినె వదినా,
ముసలిదాని కంటి పొరకు కొడుకునంటవేల వదినా.

టక్కు. ఇంకో అడుగు. మూడు అయ్యాయి. ఆగలేదు. నా దగ్గర బదులు లేదని ఆమెకు తెలుసు, బదులు లేని పక్షం మీద ఇన్నే అడుగులని హద్దు లేదు.

నలుగురెదుట తప్పొప్పుకునె నా కొడుకే వదినా,
నీ పక్షాన అట్లాటోడుంటె చూపవే వదినా.

ఈ వాదంలో తప్పు ఎక్కడుందో వెతికాను. మూడు దశాబ్దాలుగా సభల్లో, సంఘంలో, పేపర్లో, బస్టాండులో ఎవరికీ చివరి మాట వదలనివాణ్ణి. నన్ను నేను తిట్టుకుంటే, ఆ తిట్టునే నా వైపు సాక్ష్యంగా పెట్టి నన్ను గెలిపించింది. పాట ఆగిపోయాక కూడా వాకర్ చప్పుడు ఆగలేదు. డాక్టరు గోడకు ఆనుకుని నిలబడి లెక్కపెడుతున్నాడు, తమిళంలో, పైకి వినపడేలా. నేను లెక్కపెట్టలేదు.

అమ్మ నా ముందుకు వచ్చి నిలబడింది. ఆయాసపడుతోంది. నొసటి మీద చెమట. వాకర్ కాళ్ళు నా చెప్పులకు తగిలాయి.

"జరుగు" అంది.

పక్కకు తప్పుకుని దారి వదిలాను.